కొంచెమే చాలును

బరువు తగ్గవలెనను సంకల్పము తరచుగా ఆరంభశూరత్వమే యగుచున్నది. పది దినములు పస్తులుండి, పదునొకండవ నాడు విసిగి మానుకొనువారే అధికము. చాల తగ్గినగాని ఫలము లేదను భ్రమయే దీనికి మూలము.

అమెరికాలో జరిగి, 2002లో ప్రకటితమైన ఒక పరిశోధన ఈ భ్రమను తొలగించినది. మధుమేహము పొంచియున్న 3,234 మందిని అందు మూడు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు మెట్‌ఫార్మిన్ మందు, మరియొక వర్గమునకు గుణములేని ఉత్తి మాత్ర ఇచ్చిరి. మూడవ వర్గమువారు మితాహారముతో, వారమునకు 150 నిమిషముల నడకవంటి వ్యాయామముతో తమ బరువులో నూటికి 7 పాళ్లు తగ్గుటకు పూనుకొనిరి. 80 కిలోల మనిషికి అది ఆరు కిలోలైనను కాదు.

ఆరునెలలకు ఆ గమ్యము చేరినవారు సగముమందియే. అయినను సుమారు మూడేండ్ల పరిశీలనలో, ఉత్తి మాత్ర వారితో పోల్చగా, మధుమేహము మందువలన నూటికి 31 పాళ్లు, ఆహారవ్యాయామములవలన 58 పాళ్లు తగ్గినది. కొద్దిపాటి కొవ్వు కరగినను ఇన్సులిన్ మరింత చక్కగా పనిచేయుటయే ఇందలి రహస్యము.

పరీక్షకు ముందురాత్రి పుస్తకమంతయు వల్లించువానికంటె దినమునకు రెండు పుటలు చదువువానికే విద్య నిలుచును. దేహమునకును ఇదియే న్యాయము.