మీ ఇంటి గుట్టు మీ అతిథికి తెలియదు

కలకత్తా రేవును ఆనుకుని, ఖిదిర్‌పూర్ పక్కనే, వాట్‌గంజ్ అనే పాత పేట ఉంది. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఇక్కడ ఓడల నిర్మాణానికి పూనుకొన్న కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఆ పేటకు నిలిచింది. ఆయన కట్టించిన ‘నాన్‌సచ్’ అనే ఓడ 1781లో ఇక్కడి నుండే నీటిలోకి దిగింది. 1892లో ఖిదిర్‌పూర్ డాకు తెరిచిన తరువాత దేశంలోని నానా ప్రాంతాల జనం బ్రతుకుతెరువు కోసం ఈ చుట్టుపక్కలకు చేరారు. చేరువలోని గార్డెన్‌రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండేది. ఆ రైలుమార్గం వాల్తేరు దాకా సాగడం వలన తెలుగువారికి కూడా ఈ ప్రాంతం పరాయిది కాలేదు.

ఇటువంటి పేటలో పెద్దలు కట్టిన ఇల్లో, మేడమీద ఒక వాటాయో ఉండి, పిల్లలు ఉద్యోగరీత్యా దూరప్రాంతాలకు పోగా అది తాళం వేసి ఉన్నదనుకోండి. 2021 డిసెంబరులో యునెస్కో కలకత్తా దుర్గాపూజను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పూజల రోజులలో ఈ నగరంలో విడిది దొరకడం గగనం. ఆ నాలుగు రోజులకు ఇంటిని యాత్రికులకు అద్దెకిస్తే నాలుగు డబ్బులు వస్తాయని ఎవరికైనా తోస్తుంది. ఆలోచన మంచిదే. అయితే చాలామంది మొదట కొత్త పరుపులు, పరదాలు కొంటారు. మొదట చూడవలసినవి అవి కావు.

ముప్ఫై ఏళ్లు ఒక ఇంట్లో కాపురమున్న మనిషికి ఆ ఇంటి లోపాలు లోపాలుగా కనిపించవు. ఏ స్విచ్చి ముట్టుకుంటే చురుక్కుమంటుందో, ఏ మెట్టు విరిగిందో, వీధి తలుపు గడియ ఎటు తిప్పాలో చేతులకే తెలుసు. అతిథికి ఇవేవీ తెలియవు. పైగా అతడు రాత్రి పదకొండు గంటలకు, అలసిపోయి, పసిపిల్లలతో వచ్చి దిగుతాడు.

2025 సెప్టెంబరు 23న, పూజలకు ఇంకా వారమైనా లేని సమయంలో, కలకత్తాలో ఒక్క రోజులో 251.4 మిల్లీమీటర్ల వాన కురిసింది. నగరంలోనూ పరిసరాలలోనూ కనీసం పదిమంది చనిపోయారు. వారిలో అత్యధికులు విద్యుదాఘాతం వలన పోయినవారే. కలకత్తా నేల పల్లం. వాననీరు పోవలసింది నదిలోకి, కాలువలలోకి. హుగ్లీలో పోటు వచ్చినప్పుడు నదినీరు ఎదురు తన్నకుండా మురుగుకాలువల తూము తలుపులు మూసివేస్తారు. ఆ గంటలలో పెద్దవాన కురిస్తే నీరు వీధులలోనే నిలిచిపోతుంది. స్థానికుడైతే ముందే మెయిన్ స్విచ్చి కట్టేసి మేడ ఎక్కుతాడు. రాజమండ్రి నుండి వచ్చిన కుటుంబానికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

కనుక మొదటి ఖర్చు విద్యుత్తు మీద పెట్టండి. లైసెన్సు ఉన్న పనివాణ్ణి పిలిపించి పాత తీగలను, ఎర్తు కనెక్షనును పరీక్షింపజేయండి. కరెంటు లీకైన మరుక్షణం సరఫరాను ఆపివేసే ఆర్‌సీసీబీ అనే సాధనం మీటరు పెట్టె పక్కన అమర్చవచ్చు. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు. దానిమీద పరీక్షకై ఒక మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కి, సరఫరా ఆగుతున్నదో లేదో చూడాలి. కింది అంతస్తులో ప్లగ్గులను గతంలో నీరు నిలిచిన గుర్తుకు బాగా పైకి మార్పించండి. నీటి మోటారు స్విచ్చి తడినేల మీద నిలబడి వేసేచోట ఉంటే దానినీ మార్చవలసిందే. వీధిగది నీటమునిగే ఇల్లయితే ఆ గదిని వర్షాకాలంలో అద్దెకు ఇవ్వకపోవడమే మేలు. ఈ మాట చాలామంది యజమానులకు రుచించదు.

రెండవది నిప్పు. 2025 ఏప్రిల్ 29న బడాబజారు సమీపంలో మెచువా వద్ద ఒక హోటలులో మంటలు లేచి 14 మంది మరణించారు. పలువురు ప్రాణాలు తీసినది పొగ. మన ఇళ్లలో దొంగల భయం కొద్దీ ప్రతి కిటికీకీ ఇనుప కమ్మీలు బిగిస్తాము. మెట్ల దగ్గర కటకటాల తలుపుకు రాత్రి తాళం పడుతుంది. తాళంచెవి ఎక్కడ వేలాడుతున్నదో యజమానికి తెలుసు గనుక అతడికది రక్షణ, అతిథికి బోను. లోపలివారు తాళంచెవి లేకుండా తీయగల గడియ పెట్టించండి. పడకగదిలో కనీసం ఒక కిటికీ కమ్మీలు తెరుచుకొనేలా ఉండాలి. పొగను పసిగట్టి మోగే గంట కూడా ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నదే. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉంటే తీయించివేయండి. తలుపు బిగించుకొన్న చిన్న గదిలో అది విడిచే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు.

నీళ్ల సంగతి చెప్పనిదే కలకత్తా ఇల్లు పూర్తికాదు. కార్పొరేషను కుళాయి కొన్ని వేళలలోనే వస్తుంది. ఆ వేళకు మోటారు వేసేవారు లేకపోతే సాయంకాలానికి మేడమీది ట్యాంకు ఖాళీ. ట్యాంకుకు మూత బిగువుగా ఉండాలి. డెంగ్యూ దోమ పెరిగేది నిలవ ఉన్న మంచినీటిలోనే. ఇక చెమ్మ: ఆరు నెలలు మూసిన గది వాసన ఒక్కరోజు ఫ్యాను తిప్పితే పోదు. దూదిపరుపులు ఎండలో వేయాలి. మంచానికి మూడు జతల దుప్పట్లు ఉంచుకోండి: ఒకటి పక్క మీద, ఒకటి చాకలి దగ్గర, ఒకటి అలమారాలో. జల్లుపట్టిన వారాలలో ఏదీ రెండు రోజులకు ఆరదు.

ఇవన్నీ చూసేది ఎవరు? బెంగాలీ బాబులు ఒకప్పుడు గాలిమార్పు కోసం మధుపూర్, శిముల్‌తలా వంటి ఊళ్లకు పోయేవారు. అక్కడ తోటలతో బంగళాలు కట్టుకొన్నారు. బజారులో ప్రతి వస్తువునూ చూసి “డ్యామ్ చీప్” అనేవారట. అందుకని స్థానికులు వారిని ‘డ్యాంచి బాబులు’ అని పిలిచేవారని చెప్పుకొంటారు. ఏడాదిలో అధికభాగం ఆ బంగళాల తాళంచెవులు తోటమాలి చేతిలోనే ఉండేవి. నేటికీ పరిస్థితి అదే. మీరు హైదరాబాదులో కూర్చుని ఫోనులో మాట్లాడవచ్చును గాని, రాత్రివేళ ట్యాంకు పొంగితే పోవలసినవాడు ఆ వీధిలో ఉండాలి. ఆ మనిషికి అద్దెలో భాగం కాక నెలజీతం ఇవ్వండి. అతిథులు లేని నెలలలో ఇంటికి అతడి అవసరం మరీ ఎక్కువ. ఇరుగుపొరుగువారికి కూడా ముందే చెప్పి, వారి అంగీకారం పొందండి. ఉమ్మడి మెట్లున్న భవనమైతే సంఘం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

కాగితాల విషయం. కేంద్ర పర్యాటక శాఖ వారి హోమ్‌స్టే గుర్తింపు ఒకటి నుండి ఆరు గదుల వరకు ఇస్తారు. కాని యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి. తాళం వేసిన ఇంటిని అద్దెకిచ్చేవారికి అది వర్తించదు. స్థానిక పురపాలక నిబంధనలను విడిగా విచారించుకోవాలి. విదేశీయుడు బసచేస్తే 24 గంటలలోగా అధికారులకు తెలియజేయడం యజమాని బాధ్యత. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పదు. ఇంటర్నెట్ సంస్థల ద్వారా అతిథులు వచ్చినప్పుడు, రిజిస్ట్రేషను లేని యజమానికి బదులు ఆ సంస్థే పన్ను కట్టాలి. ఇంటి బీమా ఉన్నవారు, డబ్బిచ్చి ఉండే అతిథులకు అది వర్తిస్తుందో లేదో కంపెనీ నుండి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

అతిథి ఖాళీ చేయకపోతే? అందరినీ పీడించే భయమిది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, పత్రానికి ఏ పేరు పెట్టారన్నది కాదు, దాని సారమేమిటో చూడాలని చెప్పింది. ఇంటిని పూర్తిగా అతడి స్వాధీనం చేస్తే అది కౌలు కిందికి పోయే అవకాశం ఎక్కువ; కొద్దిరోజులు వాడుకోవడానికిచ్చిన అనుమతి అయితే వేరు. తేదీలు వేసిన పత్రం, గుర్తింపుకార్డు నకలు ఉంచుకోండి. ఒక గదికి మీ తాళం వేసి, వీధి తలుపు తాళంచెవి ఒకటి మీ మనిషి దగ్గర ఉంచండి. శుభ్రం చేసే పని మీ చేతిలోనే ఉండాలి. నెలల తరబడి ఉంటామనేవారు వస్తే వకీలును అడగనిదే ఒప్పుకోవద్దు.

అద్దెకిచ్చే ముందు, ఆ ఇంటిని ఎన్నడూ చూడని బంధువును ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టండి. ఏమీ చెప్పకండి. చీకటి పడ్డాక మెయిన్ స్విచ్చి ఆపి, వీధి తలుపు దాకా రమ్మనండి. అతడు ఎక్కడ తడబడ్డాడో, ఏమేమి అడిగాడో రాసుకోండి. ఆ జవాబులన్నీ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషులలో పెద్ద అక్షరాలతో ఒక పుస్తకంలో రాసి బల్లమీద ఉంచాలి: మెయిన్ స్విచ్చి ఎక్కడ, నీళ్లు ఎప్పుడు, వీధిలో నీరు నిలిస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోను చేయాలి. ఈ పరీక్ష మే నెలలోనే జరిపితే వానలకు ముందు మరమ్మతులు పూర్తి చేసుకొనే వ్యవధి ఉంటుంది.