తోబుట్టువును వెతకాలంటే ఎవరు అడగాలి?

2002లో డెంకణికోట పక్క పల్లెలో ఒక ఇంట్లో నాలుగో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందనుకోండి. పసిగుడ్డును తీసుకెళ్లి ప్రభుత్వం పెట్టిన ఊయలలో వేసి వచ్చారు. అప్పుడు పెద్దక్కకు ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఆమెకు ముప్పై దాటాయి, చెల్లెలిని ఒక్కసారి చూడాలని ఉంది. ఎవరిని అడగాలి?

మన వైపు ఈ ప్రశ్న ఊహలోంచి పుట్టింది కాదు. ఆడశిశువులను చంపేయడం ఆపాలని తమిళనాడు ప్రభుత్వం 1992లో సేలంలో మొదలుపెట్టిన ‘తొట్టిల్ కుళందై’ (ఊయల బిడ్డ) పథకం 2001లో ధర్మపురికీ వచ్చింది. అప్పటికి డెంకణికోట ధర్మపురి జిల్లాలోదే. కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లో. కాబట్టి ఆ ఏళ్ల కాగితాలు కృష్ణగిరిలో లేవని చెబితే ఆశ వదులుకుని తిరిగిరావద్దు, ధర్మపురిలోనూ అడగండి.

చట్టం మాత్రం ఒకవైపు తలుపే తెరిచింది. వెతకమని అడిగే హక్కు దత్తత వెళ్లిన బిడ్డది. 2022 దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవారు సొంతంగా, నిండనివారు పెంచిన తల్లిదండ్రులతో కలిసి, కేంద్ర దత్తత సంస్థ ‘కారా’కు ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దత్తత ఇచ్చిన సంస్థ, జిల్లా బాలల సంరక్షణ విభాగం వారికి సాయపడాలి. కన్నవాళ్లు బిడ్డను అప్పగించేటప్పుడు తమ పేరు చెప్పొద్దని కోరి ఉంటే ముందు వాళ్ల సమ్మతి తీసుకోవాలి. వాళ్లు కాదన్నా, ఆచూకీ దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించారో బిడ్డకు చెప్పి తీరాలి. ఊయలలో వదిలిన బిడ్డల సంగతే కష్టం. ఆ ఫైలులో కన్నతల్లి పేరే ఉండకపోవచ్చు. బిడ్డ దొరికిన తేదీ, చోటు, ఒంటి మీది పుట్టుమచ్చ, ఇలాంటివే మిగలవచ్చు.

మరి అక్క సంగతి? మూడో మనిషి చేసే వెతుకులాటను నిబంధనలు ఒప్పుకోవు. తోబుట్టువుకు వేరే దారి చూపనూ లేదు. తాను దత్తత బిడ్డనని తెలియని అమ్మాయి గుమ్మంలోకి ఎవరో హఠాత్తుగా వచ్చి నిలబడకూడదన్న జాగ్రత్త సరైనదే. కానీ ఇష్టముంటే కలుసుకునేలా ఇద్దరి కోరికనూ నమోదు చేసుకునే ఏర్పాటైనా చట్టంలో ఉండాల్సింది. అది లేకపోవడం అన్యాయమే.

అయినా అక్క చేయగలిగింది ఒకటుంది. తన పేరు, ఫోను నంబరు, చెల్లెలు పుట్టిన తేదీ, వదిలిన చోటు రాసి, ఫైలులో పెట్టమని జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ, బిడ్డ ఏ సంస్థకు చేరిందో తెలిస్తే అక్కడికీ ఉత్తరం ఇవ్వవచ్చు. పెట్టి తీరాలని అడిగే హక్కు ఆమెకు లేదు, కానీ ఇవ్వొద్దని చట్టం అనలేదు. రేపు చెల్లెలే దరఖాస్తు పెడితే, ఆ ఉత్తరం దొరికితే చాలు.

చుట్టాల్లో చేసుకునే దత్తత వేరు. 1956 హిందూ దత్తత చట్టం పన్నెండో సెక్షన్ పుట్టింటి బంధాన్ని తెంచినా, పుట్టింట్లోనే ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో వాళ్లను తర్వాతా పెళ్లాడకూడదంటుంది. మేనరికాలు కలుపుకునే మన ఊళ్లలో, బిడ్డకు తోబుట్టువులెవరో చెప్పకుండా దాచడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. దత్తత పత్రాన్ని రిజిస్టరు చేయించి, నకలు బిడ్డ చేతికి అందేలా చూడండి.

అన్నిటికన్నా ముందు, ఆ కాన్పు చూసిన అవ్వలు బతికుండగానే తేదీ, ఊరు, ఊయల ఉన్న చోటు అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.