ఛాతీ నొప్పి లేకుండా వచ్చే గుండె, రక్తనాళాల జబ్బులు: ఆరోగ్యశ్రీ లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

గుండె జబ్బు అనగానే ఛాతీలో నొప్పి, చెమటలు అనుకుంటాం. చాలామందికి అలాగే వస్తుంది. కానీ కొన్ని ప్రమాదకరమైన జబ్బులు వీపులోనో, కాలిలోనో, బాలింత ఆయాసంలోనో బయటపడతాయి. ఇవి అరుదు కాబట్టి గ్యాస్ అనో, నరం పట్టేసిందనో, నీరసమనో ఇంట్లోనే ఉండిపోతాం. చేతిలో కార్డు ఉన్నా సమయం దాటిపోతే వైద్యులు చేయగలిగేది తగ్గిపోతుంది. అందుకే ఈ ఐదు గుర్తు పెట్టుకోండి.

1. వీపులో చీల్చినట్టు నొప్పి
గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలితే ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తుంది. ఛాతీలో గానీ, రెండు భుజాల మధ్య వీపులో గానీ వస్తుంది. ఏళ్ల తరబడి బీపీ ఉండి, మాత్రలు సరిగా వేసుకోనివారికి ఈ ముప్పు ఎక్కువ. ఈసీజీ మామూలుగా వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చు. సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. ఇక్కడ ప్రతి గంటా విలువైనదే.

2. కాలు ఒక్కసారిగా చల్లబడటం
గుండెలో గడ్డకట్టిన రక్తం కొట్టుకొచ్చి కాలి రక్తనాళంలో అడ్డుపడితే కాలు పాలిపోతుంది, చల్లబడుతుంది, విపరీతంగా నొప్పి పెడుతుంది. తర్వాత తిమ్మిరెక్కి కదలదు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవారికి, గుండె దడ ఉన్నవారికి ఇలా జరగొచ్చు. సుమారు 6 గంటల్లోపు అడ్డు తీయగలిగితే కాలు దక్కే అవకాశం ఎక్కువ. నూనె రాస్తూ, కాపడం పెడుతూ కూర్చుంటే కాలు తీసేయాల్సి రావొచ్చు.

3. ఒక కాలు వాచి, ఆపై ఆయాసం
ఆపరేషన్, కాన్పు, లేదా ఎక్కువ రోజులు మంచంలో ఉన్న తర్వాత ఒక్క కాలి పిక్క వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. ఆ కాలిని పిసకొద్దు. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే హఠాత్తుగా ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం జరుగుతాయి.

4. బాలింతకు ఆయాసం
నెలలు నిండే సమయంలో గానీ, కాన్పయ్యాక ఐదు నెలల్లోపు గానీ గుండె కండరం బలహీనపడే జబ్బు కొందరికి వస్తుంది. పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే కాస్త నయం. కాళ్లు వాస్తాయి. "బాలింతకు ఇవన్నీ మామూలే" అని పెద్దవాళ్లు అన్నా సరే, ఎకో పరీక్ష చేయించండి. మళ్లీ గర్భం దాల్చేముందు గుండె డాక్టరును తప్పకుండా అడగాలి.

5. చేతిలో నాడి అందకపోవడం
రక్తనాళాలు వాచి సన్నబడే ఈ జబ్బును 1908లో జపాన్ కంటి వైద్యుడు తకయాసు తొలిసారి వివరించారు. ఆయన పేరే దీనికి స్థిరపడింది. ఎక్కువగా 40 ఏళ్లలోపు ఆడవాళ్లకు వస్తుంది. బట్టలు ఉతుకుతుంటే చేయి త్వరగా లాగేస్తుంది, రెండు చేతుల బీపీ బాగా తేడాగా ఉంటుంది. చిన్న వయసులో బీపీ ఉందంటే రెండు చేతులకూ చూడమని అడగండి.

మీరేం చేయాలి?
- మొదటి నాలుగింటిలో ఏది హఠాత్తుగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఐదోదానికి ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.
- నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, వాడే మందులు ఏవో చెప్పండి. పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.
- ఆహార భద్రత కార్డు, ఆధార్ దగ్గర లేవని రోగిని ఆపొద్దు. ఇంకొకరు వెళ్లి తేవచ్చు.
- అన్ని నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనూ గుండె ఆపరేషన్లు చేయరు. ఏ ఆసుపత్రిలో ఉందో 104లో అడగండి.
- ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. మీ చికిత్స పథకంలో ఉందో లేదో చూసి చెబుతారు. అత్యవసరమైతే ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే వీలుంది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. డబ్బు గురించి ఆలోచిస్తూ ఇంట్లో ఆగిపోవద్దు. ఇంట్లో బీపీ ఉన్నవారికి, బాలింతలకు దీన్ని చదివి వినిపించండి.