ఇరువదిమూడు దిమ్మల యెత్తు

కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనలేమని పెద్దలు చెప్పుదురు. ఈ సామెత చెల్లని లోక మొకటి కలదు. అచ్చట నోరు జారుటకు అవకాశమే తక్కువ. కాలు జారినచో మాత్రము నెలల తరబడి కూడబెట్టిన వజ్రములు, కత్తి, కవచము సమస్తమును నేలపాలగును. అది మైన్‌క్రాఫ్టు అను కంప్యూటరు ఆట. బడి విడిచి యింటికి వచ్చిన పిల్లవాడు తండ్రి ఫోను చేతబట్టి ఒక మూల కూర్చుండి, ఉన్నట్టుండి "అయ్యో!" అని కేక వేసినచో, ఏ కొండ అంచునుండియో పడియుండునని ఊహింపవచ్చును.

స్వీడను దేశీయుడగు మార్కస్ పెర్సన్ ఈ ఆటను 2009లో మొదట వెలువరించెను. పూర్తి రూపమున అది 2011 నవంబరులో విడుదలయ్యెను. 2014లో దాని నిర్మాణ సంస్థను మైక్రోసాఫ్టువారు 250 కోట్ల డాలర్లకు కొనిరి. 2023 నాటికి 30 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయెను. ఇట్టి వానిని శాండ్‌బాక్సు ఆటలందురు. అనగా ఇసుకతొట్టి ఆటలు. ఏటి యొడ్డున పిచ్చుకగూళ్లు కట్టుకొను పిల్లలవలె ఇందులో ఎవరికి తోచినది వారు కట్టుకొందురు. కోట కట్టువాడు కోట కట్టును, గని త్రవ్వువాడు గని త్రవ్వును. కాని పిచ్చుకగూటినుండి ఎవరును క్రింద పడరు. ఈ ఇసుకతొట్టిలో పడుదురు.

ఆ లోకమంతయు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల దిమ్మలతో నిర్మితము. ఆటగానికి పది హృదయచిహ్నములు ప్రాణము. ఒక్కొక్క చిహ్నమునకు రెండు పాళ్లు, వెరసి ఇరువది. మూడు దిమ్మల ఎత్తునుండి పడినను వానికేమియు కాదు. అటుపైన ప్రతి దిమ్మకును ఒక పాలు ప్రాణము పోవును. పది దిమ్మల ఎత్తునుండి పడినవానికి ఏడు పాళ్లు, అనగా మూడున్నర హృదయములు నష్టము. ఇరువదిరెండు దిమ్మలనుండి పడినవాడు అర హృదయముతో కొనయూపిరి నిలుపుకొనును. ఇరువదిమూడు దిమ్మలైనచో మరణము.

తొమ్మిదవ తరగతి గణితము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె చక్కని సరళరేఖ దొరకుట కష్టము. అడ్డుగీతపై ఎత్తును, నిలువుగీతపై నష్టమును గుర్తించినచో, రేఖ మూడువద్ద మొదలై ఇరువదిమూడువద్ద ఇరువదిని తాకును. ఈ సంఖ్యలు పిల్లలకు కంఠస్థములే. అది సమీకరణమని మాత్రము వారికెవరును చెప్పియుండరు.

మరణించినచో ఏమగును? ఆటగాడు మరల పుట్టును. కాని వాడు మోసిన వస్తువులన్నియు పడినచోటనే చెల్లాచెదరగును. వానిని సమీపించిన పిదప ఐదు నిమిషములలో ఏరుకొననిచో అవి మాయమగును. ఇది సాధారణపు పద్ధతి. హార్డ్‌కోర్ అను కఠిన పద్ధతి మరియొకటి కలదు. అందులో పునర్జన్మ లేదు. ఒకమారు మరణించినచో తాను కట్టిన నగరమును ప్రేతమువలె చుట్టి చూడవలసినదే గాని, అందులో ఒక్క రాయి కదల్ప వలనుపడదు. సంవత్సరముల శ్రమ ఒక్క తప్పటడుగుతో ముగియును. బొమ్మలాటయే గదా యని పెద్దలు కొట్టివేయవచ్చును. ఆ బిడ్డ కన్నీరు మాత్రము బొమ్మ కన్నీరు కాదు.

కావున పడకుండుటయే మొదటి విద్య. ఆటలో ఒంగి నడచు పద్ధతి యొకటి గలదు. అట్లు నడచువాడు అంచువరకును పోయినను జారిపడడు. ఎత్తైన గోడలు కట్టువారందరును ఇట్లే నడుతురు. రెండవది, నిలిచిన చోటినే నిలువునా త్రవ్వరాదను నియమము. కూర్చున్న కొమ్మను నరుకుకొన్నాడని కాళిదాసును గూర్చి కథ చెప్పుదురు. కాళ్లక్రింది దిమ్మను పగులగొట్టుకొను ఆటగాడును అట్టివాడే. క్రింద గుహ యుండవచ్చును. ఆ గుహలో కరగిన రాయి సెగలు గ్రక్కుచుండవచ్చును.

ఇక పడక తప్పనపుడు చేయవలసిన విద్యలు వేరు. వానిలో కెల్ల ప్రసిద్ధమైనది నీళ్ల బకెట్టు. ఆటగాడు నిండు బకెట్టు చేతబట్టి దూకును. నేల సమీపించినంతనే నీరు కుమ్మరించి ఆ నీటిలో దిగును. మరల నీటిని బకెట్టులోనికి ఎత్తుకొని తన దారిన తాను పోవును. చూచుటకు సులభము. లెక్క వేసి చూచినచో గుండె ఝల్లుమనును. ఆ లోకమున ఆకర్షణశక్తి మన భూమికంటె మూడింతలు పైబడినది. భూమిపై పడువాని వేగము సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగగా, అచ్చట పతనారంభమున 32 మీటర్ల చొప్పున పెరుగును. ఇరువదిమూడు మీటర్లు పడుటకు భూమిపై రెండు సెకనులకు పైగా పట్టును. అచ్చట ఒకటింబావు సెకను చాలును. చేయి నాలుగైదు దిమ్మల దూరము మాత్రమే సాగును. అదియు కంటినుండి కొలిచిన దూరము. కావున నీరు కుమ్మరింపగల వ్యవధి సెకనులో సుమారు పదవవంతు. కన్ను చూచి చేయి కదలుటకే మనుష్యునకు అంతకు రెండింతలు పట్టును. అనగా ఈ విద్యలో ఆరితేరినవాడు చూచి చేయుటలేదు. ముందుగా లెక్కగట్టి చేయుచున్నాడు. వికెట్ల ముందు నిలిచి వేగపు బంతి నెదుర్కొను బ్యాటుగాని నేర్పువంటిదే యిది.

కాని ఒక్క మీటరు లోతు నీరు అంతటి పాటును ఎట్లు ఆపును? ఇచ్చటనే ఆటయు ప్రకృతియు వేరు దారులు పట్టును. ఈ ఆట పడువాని వేగమును చూడదు. కాలికి ఆధారము తప్పినది మొదలు ఎన్ని దిమ్మలు దిగెనో లెక్కపెట్టుచు, నేల తగిలినపుడు ఆ లెక్కను బట్టి శిక్ష విధించును. నీరు తాకినను, నిచ్చెన చేతికందినను, గోడపై తీగె దొరకినను, సాలెగూటిలో చిక్కుకొన్నను ఆ లెక్క సున్న యగును. కచ్చేరిలో కరణము కవిలెను చించివేసినట్లు, వెనుకటి బాకీ అంతయు చెల్లిపోవును. ఎంత యెత్తునుండి పడినవాడైనను నేలకు గజము ఎగువను ఒక్క తీగెను తాకి బ్రతుకగలుగుట ఈ మర్మము చేతనే.

ప్రకృతి యట్లు కవిలె చింపదు. పడువానియందు చేరిన గతిజశక్తి ఎత్తును బట్టి పెరుగును; ఎత్తు రెండింతలైన శక్తియు రెండింతలు. (ఈ యంశమున ఆటలోని సరళరేఖ శాస్త్రమునకు దగ్గరగానే యున్నది.) ఆ శక్తి యంతయు ఎచ్చటనో ఖర్చు కావలెను. ఎంత యెక్కువ దూరములో ఖర్చైనచో దెబ్బ అంత తక్కువ. అందుచేతనే పదిమీటర్ల వేదికనుండి దూకు క్రీడాకారులకు సుమారు ఐదు మీటర్ల లోతు కొలను కావలెను. 27 మీటర్లనుండి దూకు పురుషులు గంటకు 80 కిలోమీటర్లకు పైబడిన వేగముతో నీటిని తాకుదురు. తల ముందుగా దిగుట ప్రమాదము గనుక కాళ్లతోనే దిగుదురు. మోకాలిలోతు నీట ఎత్తునుండి దూకినవానికి అది బండరాయికంటె మేలేమియు కాదు. వేసవి సెలవులలో కాలువ వంతెనల మీదినుండియు, దిగుడుబావుల గట్లనుండియు దూకు పిల్లలకు ఈ భేదము తెలియవలెను. ఆటలోని నియమమును నమ్మి నీటిలోతు చూడక దూకినవానికి రెండవ జన్మ లేదు.

గడ్డిమోపు సంగతి కొంత సత్యమునకు దగ్గర. ఈ ఆటలో గడ్డిమోపుపై పడినవానికి నూటికి ఎనుబదిపాళ్లు నష్టము తగ్గును. ఇరువదిమూడు దిమ్మలనుండి పడినను రెండు హృదయములే పోవును. తేనె దిమ్మయు అంతే మేలు చేయును. పల్లెలో పెరిగి గడ్డివాము మీదికి దూకని తెలుగు బిడ్డ యుండడు. వారి కీ నియమమును ఎవరును బోధింపనక్కరలేదు. 1944 మార్చిలో బ్రిటిషు వైమానికదళమునకు చెందిన నికొలస్ ఆల్కమేడ్ మండుచున్న విమానమునుండి పారాచ్యూటు లేకయే 18,000 అడుగుల ఎత్తునుండి దూకెను. దేవదారు కొమ్మలును, వానిక్రింది మెత్తని మంచును అతని వేగమును కొంచెము కొంచెముగా మ్రింగినవి. కాలు బెణుకుటతో బయటపడెను. ఆటలోను 2021 నుండి మెత్తని పొడిమంచు చేరినది. అందులో పడినవానికి దెబ్బ తగులదు. నెదర్ అను పాతాళ లోకములో నీరు కుమ్మరించినంతనే ఆవిరియగును గనుక, అచ్చటికి పోవు జాగ్రత్తపరులు బకెట్టులో మంచును నింపుకొని పోవుదురు.

స్లైమ్ అను బంక దిమ్మ వింతయైనది. దానిపై పడినవాడు బంతివలె ఎగురును, దెబ్బ తగులదు. భయపడి ఒంగి దిగినవానికి మాత్రము అది రక్షణ నీయదు. అంచువద్ద ప్రాణము కాచిన జాగ్రత్తయే ఇచ్చట ప్రాణము తీయును!

ఆ లోకములో కొన్ని జంతువులకు ఈ బాధయే లేదు. కోడి రెక్కలు టపటపలాడించుచు మెల్లగా దిగును. పిల్లి ఎంత యెత్తునుండి పడినను చెక్కుచెదరదు. ఇది కల్పనయే యైనను మూలము లేని కల్పన కాదు. 1957లో భారతదేశమునకు తరలివచ్చి 1964లో భువనేశ్వరమున కన్నుమూసిన శాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్, జీవుల పరిమాణమును గూర్చి 1926లో వ్రాసిన వ్యాసమున, లోతైన గనిలో పడిన చుండెలుక లేచి పోగలదనియు, మనుష్యుడు పోలేడనియు వివరించెను. దేహము చిన్నదైనకొలది బరువు త్వరగా తగ్గును, గాలి నెదుర్కొను ఉపరితలము అంత త్వరగా తగ్గదు. కావున చిన్న ప్రాణికి గాలియే పారాచ్యూటగును. ఈ లెక్క తెలిసిన విద్యార్థి ఆటలోని పిల్లికిచ్చిన వరమును క్షమించును గాని, అంతటి వరమే పొందిన ఇనుప గోలెమును చూచి నవ్వును.

టెర్రేరియా అను మరియొక ఆట 2011లోనే వచ్చినది. అందులో ఇరువదియైదు గళ్లవరకు పడినను హాని లేదు. అదృష్టపు గుఱ్ఱపునాడా దొరకినవానికి అసలే లేదు. మన యిండ్ల గుమ్మములకు నాడా కొట్టు ఆచారము తెలిసినవారికి ఇది విడ్డూరముగా తోపదు.

మైన్‌క్రాఫ్టులో ధనవంతుని ఉపాయములు వేరుగా నున్నవి. మంత్రించిన పాదరక్షలు పతనపు దెబ్బను నూటికి నలుబదియెనిమిది పాళ్లవరకు తగ్గించును. మెల్లగా దించు కషాయము 2018లో వచ్చినది. 2024లో వచ్చిన గద మరింత చిత్రము; పైనుండి పడుచు దానితో శత్రువును కొట్టినచో, ఎంత యెత్తునుండి పడిన దెబ్బ అంత పెద్దదగును, కొట్టినవానికి మాత్రము పాటు తప్పిపోవును. భీముని చేతికి తగిన ఆయుధమే.

అన్నిటికంటె కోరదగినది ఎలిట్రా. పేడపురుగువంటి కీటకముల గట్టి పైరెక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరది. 2016లో ఆటలో చేరిన ఈ రెక్కలు లోకాంతమున తేలియాడు ఓడలలో మాత్రమే దొరకును. ఆ ద్వీపముల క్రింద నేల లేదు, అంతయు శూన్యము. అందులో పడినవానిని నీరును కాపాడదు, గడ్డియు కాపాడదు. వాని వస్తువులును తిరిగి రావు. రెక్కలకై పోవువారిలో పెక్కుమంది రెక్కలు దొరకకముందే అందులో పడుదురు. దొరకినవారు ఆకాశమున తేలిపోవుచు, దిగుటకు తొందరపడక, క్రింది కోటలను చూచుచుందురు. వారికిని ఒక గండము కలదు. అతివేగముతో పోయి కొండగోడను ఢీకొని మరణించినవానిని గూర్చి, అతడు గతిజశక్తిని చవిచూచెనని ఆట తెరపై ప్రకటించును.