బేబ్ రూత్‌ను మళ్లీ ఆడిస్తే

1927 జులై 4, సోమవారం. అమెరికా స్వాతంత్ర్య దినం. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో ఒకే రోజు వరసగా రెండు బేస్‌బాల్ ఆటలు. వాషింగ్టన్ సెనేటర్స్‌ను యాంకీలు మొదటి ఆటలో 12–1తో, రెండో ఆటలో 21–1తో చిత్తుచేశారు. ఓడింది ఆషామాషీ జట్టేమీ కాదు. ఆ ఏడాది ఎనిమిది జట్ల అమెరికన్ లీగ్‌లో మూడో స్థానంలో నిలిచిన జట్టు అది.

అదే తేదీ, అవే జట్లు, మళ్లీ ఒకసారి. ఈసారి స్టేడియం లేదు. భోజనాల బల్ల మీద రెండు దొంతరల కార్డులు, మూడు పాచికలు, స్కోరు రాసుకునే పుస్తకం మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు కూడా యాంకీలు రెండు ఆటలూ గెలుస్తారా? గెలవకపోయే అవకాశమే కాస్త ఎక్కువ. చరిత్రలోకెల్లా గొప్పదని చాలామంది ఒప్పుకునే జట్టు గురించే ఈ మాట.

జరిగిపోయిన సీజన్‌ను కార్డులతో, పాచికలతో మళ్లీ ఆడించడం అమెరికాలో పాత వ్యసనం. 1930లోనే 'నేషనల్ పాస్‌టైమ్' అనే ఆట వచ్చింది. 1951లో పెన్సిల్వేనియాలో డిక్ సైట్జ్ 'ఆప్బా'ను, 1961లో న్యూయార్క్‌లో హాల్ రిచ్‌మన్ 'స్ట్రాట్-ఓ-మాటిక్'ను అమ్మడం మొదలుపెట్టారు. వీటి అభిమానులు ఒక్క ఆటతో సరిపెట్టుకోరు. ఒక జట్టు సీజన్ అంటే 154 ఆటలు, 1927 అమెరికన్ లీగ్ మొత్తం కావాలంటే 616. సాయంత్రాలు కూర్చుని వారానికో ఏడెనిమిది ఆటలు దొర్లిస్తూ, పాయింట్ల పట్టిక దిద్దుకుంటూ ఏళ్ల తరబడి ఆడేవాళ్లున్నారు.

క్రికెట్ తెలిసినవాళ్లకు బేస్‌బాల్ రెండు ముక్కల్లో: పిచర్ బంతి విసురుతాడు, బ్యాటర్ కొడతాడు. మైదానంలో మూడు బేస్‌లు, వాటిని చుట్టి బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. బంతిని ఏకంగా హద్దు దాటిస్తే హోమ్ రన్. కొట్టలేనంత దూరంగా నాలుగు బంతులు పడితే కష్టపడకుండా మొదటి బేస్‌కు నడిచిపోవచ్చు, అది వాక్. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్‌లో ఆ జట్టు వంతు అయిపోతుంది. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్.

మన బడిపిల్లలకు ఇలాంటి ఆట కొత్తేమీ కాదు. వెనక బెంచీలో పాఠ్యపుస్తకం తెరిచి, సరిసంఖ్య పేజీలో చివరి అంకె చూసి పరుగులు రాసుకునే బుక్ క్రికెట్ ఎవరికి తెలియదు? సున్నా వస్తే అవుట్, రెండుకు రెండు, నాలుగుకు నాలుగు, ఆరుకు సిక్సర్. ఎనిమిదికి ఏమివ్వాలన్నది ఒక్కో బడిలో ఒక్కో రూలు. ఆట బాగానే సాగుతుంది కానీ అందులో ఒక పెద్ద లోపం ఉంది. టెండూల్కర్‌కూ, పదకొండో నంబరు బ్యాటర్‌కూ సున్నా వచ్చే అవకాశం సమానం. బౌలరెవరైనా తేడా రాదు. పుస్తకానికి ఆటగాడెవరో తెలియదు.

కార్డు కనిపెట్టింది ఈ లోపాన్ని పూడ్చడానికే. యాంకీల బ్యాటర్ బేబ్ రూత్ కార్డు ఎలా తయారవుతుందో లెక్క వేసి చూద్దాం. 1927లో అతను 691 సార్లు బ్యాటింగుకు వచ్చాడు. 60 హోమ్ రన్లు కొట్టాడు, 137 వాక్‌లు సంపాదించాడు, 89 సార్లు బంతి అందక స్ట్రైకవుట్ అయ్యాడు. లీగ్‌లో మిగిలిన ఏడు జట్లలో ఏ జట్టుకు జట్టంతా కలిసినా 60 హోమ్ రన్లు కొట్టలేదు. వచ్చిన సార్లలో హోమ్ రన్ల వంతు నూటికి 8.7. మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. అందులో 8.7 శాతం అంటే సుమారు 19.

స్ట్రాట్-ఓ-మాటిక్‌లోని తెలివి ఇక్కడుంది. మొదటి పాచిక 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి, 4, 5, 6 పడితే పిచర్ కార్డు. అంటే 216లో సగం, 108, రూత్ చేతిలో ఉంటే మిగతా 108 ఎదుటివాడి చేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లో లీగ్‌లో హోమ్ రన్లు నూటికి ఒకటి కూడా పడేవి కావు కాబట్టి సగటు పిచర్ కార్డులో హోమ్ రన్‌కు దక్కేది ఒకే ఒక్క వంతు. మిగిలిన 18 వంతులూ రూత్ కార్డు మీదే అచ్చు కావాలి. కార్డులో మూడు నిలువు వరసలుంటాయి. ఏ వరసో మొదటి పాచిక చెబుతుంది, ఆ వరసలో ఏ గడో మిగతా రెండు పాచికల మొత్తం చెబుతుంది. రెండు పాచికల మొత్తం 7 కావడానికి 36లో 6 దారులు, 6కీ 8కీ చెరి 5, 3కు రెండే. కాబట్టి ఒక వరసలో 6, 7, 8 ఎదుట, మరో వరసలో 3 ఎదుట 'హోమ్ రన్' అని రాస్తే 16కు 2 కలిసి 18 వంతులు సరిపోతాయి. ఇది నేను చూపుతున్న నమూనా మాత్రమే. అసలు కార్డులో ఇంతకన్నా సన్నని భిన్నాల కోసం ఇరవై అంకెల లెక్క ఒకటి అదనంగా ఉంటుంది. సూత్రం మాత్రం ఇదే.

బ్యాటర్ ఫలితం తేలాక మిగిలింది మైదానం సంగతి. ఏ బేస్‌ల మీద మనుషులున్నారన్నది ఎనిమిది రకాలు, అవుట్లు సున్నా, ఒకటి, రెండు. మొత్తం 24 స్థితులు. ఆట ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దూకుతూ పోతుంది. ఎక్కడికి దూకుతుందనేది ఇప్పుడున్న స్థితి మీద, ఇప్పుడు పడిన పాచిక మీద ఆధారపడుతుంది తప్ప ఇక్కడికి ఎలా వచ్చామన్న దాని మీద కాదు. గణితంలో దీన్ని మార్కోవ్ గొలుసు అంటారు. కెనడాకు చెందిన జార్జ్ లిండ్సే వందల ఆటల వివరాలు కూడబెట్టి, 1963లో అచ్చయిన పరిశోధనలో ఈ 24 స్థితులకూ సగటున ఎన్ని పరుగులు వస్తాయో పట్టిక వేశాడు. బేస్‌లు ఖాళీ, అవుట్లు లేకుంటే దాదాపు అర పరుగు. మూడు బేస్‌లూ నిండి అవుట్లు లేకుంటే రెండు దాటుతుంది. మిగిలిన ఓవర్లను, వికెట్లను కలిపి 'వనరులు'గా లెక్కగట్టే డక్‌వర్త్–లూయిస్ పద్ధతిలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. కాకపోతే దాన్ని వాన పడినప్పుడే తలుచుకుంటాం, తిట్టుకుంటూ.

ఇక ఆ సోమవారం సంగతి. రెండు జట్ల బలాబలాలు తెలిస్తే గెలుపు అవకాశం చెప్పడానికి బిల్ జేమ్స్ ఒక చిన్న సూత్రం ఇచ్చాడు. కాన్సస్‌లో డబ్బాల్లో బీన్స్ నింపే ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ బేస్‌బాల్ లెక్కలు రాయడం మొదలుపెట్టిన మనిషి ఆయన. యాంకీలు ఆ సీజన్‌లో 110 గెలిచి 44 ఓడారు, నిష్పత్తి 2.5. సెనేటర్స్ 85 గెలిచి 69 ఓడారు, నిష్పత్తి 1.23. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2 వస్తుంది. అంటే ఈ రెండు జట్లూ తలపడితే యాంకీల గెలుపు ఓటములు రెండుకు ఒకటి, మూడింట రెండు వంతుల అవకాశం. వరసగా రెండు ఆటలూ గెలవడానికి తొమ్మిదింట నాలుగు వంతులే. తొమ్మిదింట ఐదు సార్లు ఆ పండగ రోజున ఒక ఆటైనా చేజారుతుంది.

వారం మొత్తం చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. సీజన్ సగటున యాంకీలు ఏడు ఆటల్లో ఐదు గెలుస్తారు. కానీ ఏడింటిలో సరిగ్గా ఐదు గెలిచే వారం మూడింట ఒకటి కూడా ఉండదు. ఏడుకు ఏడూ గెలిచే వారం నూటికి తొమ్మిది, పది. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఓడే వారం నూటికి పదకొండు. ఇరవై రెండు వారాల సీజన్‌లో రెండు మూడు వారాలు ఈ మహా జట్టు గెలిచిన వాటికన్నా ఎక్కువ ఆటలు ఓడి ఇంటికి పోతుందన్నమాట. అలాంటి వారం బల్ల మీద పడిందనుకోండి. ఆడించేవాడి మనసులో పత్రికల శీర్షికలు మొదలవుతాయి. రూత్‌కు రాత్రి విందులు ఎక్కువయ్యాయి, మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ పట్టు తప్పాడు, జట్టులో మరో బ్యాటర్ గెరిగ్ ఇంకా కుర్రాడే. పాచికలకు వీటిలో ఏదీ తెలియదు. నిజమైన క్రీడా పుటల్లో సోమవారం నాడు చదివే విశ్లేషణల్లో ఎన్ని ఇలాంటి వారాల మీద రాసినవో అని నాకు అనుమానం.

ఆ ఏడాది అట్టడుగు జట్లలో ఒకటైన సెయింట్ లూయిస్ బ్రౌన్స్ మీద యాంకీలు 22 ఆటల్లో 21 గెలిచారు. అదే సూత్రం ప్రకారం ఒక్కో ఆటలో వారి అవకాశం ఐదింట నాలుగు, కాబట్టి 17 లేదా 18 గెలవడం న్యాయం. 21కి తగ్గకుండా గెలవడం ఇరవై సీజన్లకు ఒకసారి జరిగే పని. మొత్తం సీజన్‌లోనూ అంతే, గెలుపులు 110కి అటూ ఇటూ పదకొండు దాకా ఊగుతాయి. రెండో స్థానంలో 19 ఆటలు వెనకబడ్డ ఫిలడెల్ఫియా కూడా, వంద సీజన్లు ఆడిస్తే ఒకటో రెండో సార్లు పైకి వస్తుంది.

ఇలా మళ్లీ మళ్లీ ఆడించి లెక్కపెట్టడం విజ్ఞానశాస్త్రంలోకి వచ్చిందీ ఒక ఆట వల్లే. 1946లో జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాడుకుంటున్న గణితవేత్త స్టానిస్లా ఉలామ్‌కు, ఆట నెగ్గే అవకాశాన్ని సూత్రాలతో సాధించే బదులు వందసార్లు ఆడి చూస్తే పోదా అనిపించింది. లాస్ అలమోస్‌లో న్యూట్రాన్ల లెక్కకు వాడిన మాంటే కార్లో పద్ధతి అక్కడినుంచి పుట్టింది. 1960ల మొదట్లో జాన్ బర్గెసన్ ఐబీఎం 1620 కంప్యూటర్‌తో బేస్‌బాల్ ఆడించాడు. ఇప్పటి 'అవుట్ ఆఫ్ ద పార్క్' లాంటి ప్రోగ్రాములకు వెయ్యి సీజన్లు ఒక లెక్క కాదు.

అయితే కార్డులో ఒక తప్పు దాగి ఉంది. వేగం ఎంత పెంచినా అది పోదు. కార్డు జరిగినదాన్ని సామర్థ్యంగా అచ్చువేస్తుంది. అదే జట్టులో బెన్ పాస్కల్ అనే అదనపు ఆటగాడు ఉండేవాడు. ఆ ఏడు మొదటి ఆటలో రూత్ బదులు బ్యాట్ పట్టడం వల్ల పేరు మిగిలింది. 82 ప్రయత్నాల్లో 26 హిట్లు, సగటు 0.317. అంత చిన్న లెక్కలో 0.05 అటూ ఇటూ కావడం మామూలు. కార్డు మాత్రం అతన్ని 0.317 మనిషిగానే ముద్రిస్తుంది. అందుకే అలాంటివాళ్లను అసలు ఆడిన సార్ల కన్నా ఎక్కువ ఆడించకూడదని అభిమానులు నియమం పెట్టుకుంటారు.

రూత్‌దీ అదే కథ. 1926లో అతను 47 హోమ్ రన్లు కొట్టాడు, 1928లో 54. ఆ మధ్యలో 60. ఆ ఏడు అతని బలం హఠాత్తుగా పెరిగిందా, లేక పాచిక కూడా కలిసొచ్చిందా? 60ని నమ్మి తయారుచేసిన కార్డుతో వెయ్యి సీజన్లు ఆడిస్తే దాదాపు సగం సార్లు 60 దాటిపోతుంది. నిజ ప్రపంచంలో 1927ను వెయ్యిసార్లు తిరిగి జరిపించగలిగితే ఎక్కువ సార్లు 60కి తక్కువే వస్తుందని నా అభిప్రాయం. మనం ఆ ఏడాదిని ఎంచుకున్నదే అది అన్నిటికన్నా బాగా పండింది కాబట్టి.

దీనికి విరుగుడు కూడా బేస్‌బాల్ లెక్కలతోనే నిరూపణ అయింది. 1970 సీజన్‌లో మొదటి 45 ప్రయత్నాల్లో ప్యూర్టో రికో ఆటగాడు రొబెర్టో క్లెమెంటే 18 హిట్లు కొట్టాడు, సగటు 0.400. గణాంకవేత్తలు బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అతనితో పాటు మరో పదిహేడుగురిని తీసుకుని, ఒక్కొక్కరి సగటునూ గుంపు సగటు వైపు లాగి, మిగతా సీజన్‌ను అంచనా వేశారు. చార్ల్స్ స్టైన్ 1950లలో చూపిన వింత సిద్ధాంతం అది. విడివిడి సగటులను నమ్మితే వచ్చే దోషంలో మూడో వంతు కూడా రాలేదు. క్లెమెంటే మిగతా సీజన్‌లో కొట్టింది 0.346.

అంటే నిజాయితీ గల కార్డు ప్రతివాణ్ణీ కొంత సగటు వైపు లాగాలి. ఎంత తక్కువ చిట్టా ఉంటే అంత ఎక్కువ లాగాలి. కార్డులు కొనేవాళ్లకిది నచ్చదు. వాళ్లకు 60 కొట్టే రూత్ కావాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. 1927 అమెరికన్ లీగ్ దొంతరలో ఒక్క నల్లజాతి ఆటగాడి కార్డు కూడా ఉండదు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా వాళ్లకు మేజర్ లీగ్‌ల తలుపులు మూసే ఉన్నాయి. వాళ్ల నీగ్రో లీగ్‌లు 1920 నుంచి వేరుగా నడిచాయి. ఆ ఆటల స్కోర్లు ఎక్కువగా నల్లజాతివారి వారపత్రికల్లో దొరకాల్సిందే, పత్రికకు ఎక్కనివి పోయినట్టే. పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి ఏరగా, 2009లో స్ట్రాట్-ఓ-మాటిక్ ఆ ఆటగాళ్ల కార్డులు తెచ్చింది. 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లెక్కలను తన చిట్టాలో కలిపాక జీవితకాల సగటులో జాష్ గిబ్సన్ 0.372తో, టై కాబ్ 0.367ను దాటి మొదటి స్థానానికి చేరాడు. కాబ్ చిట్టాలో 11 వేలకు పైగా ప్రయత్నాలున్నాయి, గిబ్సన్‌కు దొరికినవి రెండు వేల పైచిలుకు. లాగుడు సూత్రాన్ని ఇద్దరికీ ఒకేలా వర్తింపజేస్తే గిబ్సన్ కార్డే సగటు వైపు ఎక్కువ జరుగుతుంది, కాబ్ మళ్లీ ముందుకు రావచ్చు. సూత్రంలో పక్షపాతం లేదు. అది అడిగేది ఎన్ని ఆటలు రాసి ఉన్నాయనే తప్ప ఎన్ని ఆడాడని కాదు.