దోషము బండిదా, రౌతుదా?

రౌతు మెత్తనైనచో గుర్రము మూడుకాళ్ల మీద నడచునని మన సామెత. గుర్రము మొరాయించినను, దారి తప్పినను నేరము రౌతుదే యని దాని తాత్పర్యము. గుర్రము వలెనే ఇరువైపుల కాళ్లు వేసి యెక్కి, హ్యాండిలు పట్టి నడుపు యంత్రవాహన మొకటి కలదు. దానిని ఏ.టి.వి. యందురు. ఎట్టి నేల మీదనైనను పోగల బండి యని ఆ పొడి అక్షరముల భావము. బాటలేని పొలములలో, ఇసుకలో, కొండవాలులలో దాని ఉపయోగము. ఇది బోల్తాపడి మనుష్యులు గాయపడినప్పుడెల్ల మన సామెతలోని వాదమే విదేశముల న్యాయస్థానముల కెక్కినది. ఆ వాదములో నిజమెంతయో విచారింతము.

1970లో జపానునకు చెందిన హోండా సంస్థ అమెరికాలో మూడుచక్రముల బండి నొకదానిని విక్రయింప నారంభించెను. దానికి స్ప్రింగులు లేవు. తక్కువ గాలితో నుండు లావైన టైర్లే కుదుపులను మ్రింగవలెను. వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి కలసి తిరుగును. మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను గదా! కారులో ఈ తేడాను సర్దుటకు ప్రత్యేక యంత్రభాగ ముండును. ఈ బండిలో ఆ పని రౌతు శరీరమే చేయవలెను. అతడు తన బరువును తగిన రీతిగా మరల్చి, లోపలి చక్రము నేలపై జారునట్లు చూడవలెను. ఆ నేర్పు లేనివాడు మలుపు తిప్పబోయినచో బండి తిన్నగా పోవుటయో, ఒరిగిపడుటయో సంభవించును.

ఇక్కడనే వివాదము పుట్టినది. ఇది రౌతు నేర్పుపై నడచు వాహనము, శిక్షణ పొందక ఎక్కువారిదే బాధ్యత యని తయారీదారులు వాదించిరి. అంత నేర్పు కావలసిన వస్తువును సామాన్య కుటుంబములకు, బాలురకు వినోదసాధనముగా చూపి విక్రయించుట తగునా యని బాధితులు ప్రశ్నించిరి. 1987 చివరలో అమెరికా ప్రభుత్వము ప్రధాన సంస్థలపై దావా వేసెను. 1988లో రాజీ కుదిరినది. క్రొత్త మూడుచక్రముల బండ్ల విక్రయము నిలుపుటకును, హెచ్చరికలు అతికించుటకును, కొనువారికి శిక్షణ నిచ్చుటకును, 90 సి.సి. దాటిన బండ్లు 16 సంవత్సరములలోపు వారికి తగవని తెలుపుటకును సంస్థలు అంగీకరించినవి. కాని అప్పటికే అమ్ముడుపోయిన బండ్లను తిరిగి తీసికొని సొమ్ము చెల్లింపవలెనను నిబంధన అందులో లేదు. అవి ఇండ్లలోనే యుండెను.

తరువాత నాలుగుచక్రముల బండ్లు, వానితో స్ప్రింగులు, కుదుపును అణచు షాక్ అబ్జార్బర్లు వ్యాపించినవి. ఇవి సుఖము కొఱకే యని తలంపరాదు. టైరును నేలపై నుంచుటయే వీని ముఖ్యకార్యము. గాలిలోనున్న టైరునకు పట్టు లేదు. ఐతే గుంటలు దాటుటకు స్ప్రింగులు దీర్ఘముగా ఆడవలె నన్నచో బండి ఎత్తు పెరుగును. ఎత్తు పెరిగినకొలది ఒరుగు స్వభావము హెచ్చును. ఒక గుణము కొఱకు మరియొకదానిని కొంత వదలుకొనక తప్పదు.

ఇందుకు యమహా సంస్థ రైనో బండి మంచి ఉదాహరణము. ఇది కుర్చీలు, స్టీరింగు గల జాతి. 2009 మార్చిలో అమెరికా వినియోగవస్తు భద్రతాసంఘముతో కలసి ఆ సంస్థ ఉచిత మరమ్మతు ప్రకటించెను. వెనుక చక్రముల నడుమ ఎడము పెంచుట, వెనుక ఇరుపక్కల సస్పెన్షనును కలుపు కడ్డీని తొలగించుట ఆ మరమ్మతు. ఆ బండ్ల ప్రమాదములలో 46 మరణములు సంభవించినవని సంఘము తెలిపెను. బోల్తాలు అనేకము చదునైన నేలపై, తక్కువ వేగముతో మలుపు తిరుగునప్పుడే జరిగినట్లు కన్పట్టెను. అదే సమయమున, పెక్కు ప్రమాదములలో లోనివారు బెల్టు కట్టుకొనలేదనియు తేలెను. ఈ రెండు సంగతులును నిజములే. బెల్టు కట్టకుండుట గాయమును పెంచును గాని బండిని పడవేయదు. పడుటకు కారణము వేరు, గాయము పెరుగుటకు కారణము వేరు. ఈ రెండింటిని కలిపివేయుటచేతనే సగము తగవులు తెగక యుండును.

సస్పెన్షను భాగము విరిగినచోట మరియొక చిక్కు కలదు. విరుగుటచే బండి పడెనా, పడుటచే భాగము విరిగెనా? దీనికి సాక్ష్యము లోహమే చెప్పును. ఒక్క దెబ్బకు విరిగిన ముఖము అంతటను క్రొత్తగా, గరుకుగా నుండును. దినదినము కొంచెము కొంచెముగా పగిలినచో, అలలు వెనుకకు పోయిన ఇసుకపై చారలవలె వరుస గీతలు కన్పట్టును. పాత పగులులో త్రుప్పు చేరియుండవచ్చును. ఐనను దీనితో తీర్పు ముగియదు. ఆ పగులు తయారీలోని లోపముచే పుట్టినదా, యజమాని పరీక్ష చేయింపక మితిమించిన బరువు వేయుటచే పుట్టినదా యని ఇంకను చూడవలెను.

ఆస్ట్రేలియాలో వాదము మరియొక రూపము దాల్చెను. బోల్తాపడిన బండి క్రింద రైతులు నలిగి మరణించుచుండుటచే, 2019లో ప్రభుత్వము భద్రతాప్రమాణము విధించెను. 2021 అక్టోబరు నుండి సాధారణోపయోగపు క్రొత్త బండ్లకు వెనుక రక్షణచట్రము తప్పనిసరి. శిరస్త్రాణము, శిక్షణ ముఖ్యములు, చట్రమే గాయము చేయవచ్చునని తయారీదారులు ఆక్షేపించిరి. హోండా, యమహా సంస్థలు అచ్చట ఆ తరగతి బండ్ల విక్రయమునే మానుకొన్నవి. మానవుడు ఎప్పుడో ఒకప్పుడు పొరపడును, ఆ పొరపాటునకు ప్రాణము మూల్యము కారాదు. ఆ ప్రమాణమునకు ఆధారమైన భావ మిదియే.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఈ విషయమును స్పృశించినది. తయారీలోపము, రూపకల్పనలోపము, ఇచ్చిన స్పష్టమైన హామీ తప్పుట, తగిన హెచ్చరిక లేకుండుట, వీనికి తయారీదారు బాధ్యుడు. హాని జరుగునాటికి వస్తువును దుర్వినియోగము చేసియున్నను, మార్పులు చేసియున్నను విక్రేతపై వ్యాజ్యము చెల్లదు. కావున ట్రాక్టరైనను, మోటారుసైకిలైనను, సముద్రతీరమున అద్దెకు తిరుగు ఈ బండియైనను, గృహస్థులు కొన్ని సంగతులు గుర్తుంచుకొనుట మేలు. సొంత తెలివితో స్ప్రింగులు మార్పింపరాదు. మరమ్మతు రశీదులు దాచుకొనవలెను. ప్రమాదము జరిగినచో విరిగిన ముక్కను తుడువక, అతుకక, ఎవరికిని ఇచ్చివేయక భద్రపఱుపవలెను. అది పోయినచో సాక్షి పోయినట్లే. పెద్దల బండిపై పిల్లల నెక్కింపరాదు.

రౌతును నిందించు సామెత గుర్రము నాటిది. గుర్రమును ఎవరును కార్ఖానాలో చేయలేదు. యంత్రమునకు మాత్రము చేసినవాడు కలడు, అమ్మినవాడు కలడు, నడిపినవాడు కలడు. ముగ్గురిలో ఎవరి పాలెంతయో విడదీసి తూచుటయే న్యాయము.