పెంటకుప్ప నుంచి బావి దాకా

మన సభ్యులలో చాలామంది ఇళ్లలో పశువుల పాక, పెంటకుప్ప, మంచినీళ్ల బావి ఒకే దొడ్డిలో వుంటాయి. "ఇన్నేళ్లుగా ఇలాగే వున్నాం, ఏమీ కాలేదే!" అంటారు కొందరు. ఏమీ కాలేదో, ఇంకా కాలేదో ఒక చిన్న లెక్క వేసి చూద్దాము.

పేడ, మూత్రాలలోని నత్రజని మొదట అమ్మోనియంగా మారుతుంది. దీనిని బంకమన్ను పట్టి వుంచుతుంది. తరువాత సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మన్ను పట్టి వుంచలేదు. నీరు ఎటు పోతే అదీ అటే పోతుంది.

ఇసుక గుండా నీరు పోయే తీరుకు 1856లో ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ డార్సీ ఒక సూత్రం చెప్పాడు. అటువంటి సూత్రాలతోనే శాస్త్రజ్ఞులు నేలలో లవణాల నడకను లెక్కకడతారు. అందులో తేలికైనది ఇది: మీటరు లోతు మట్టిలో 30 సెం.మీ. నీరు వుందనుకుందాము. ఏడాదికి మరో 30 సెం.మీ. వాన నీరు లోపలికి ఇంకితే, అది పాత నీటిని మీటరు కిందికి నెడుతుంది. బావిలో నీరు 8 మీటర్ల లోతున వుంటే నైట్రేటు అక్కడికి చేరడానికి సుమారు 8 ఏళ్లు పడుతుంది.

అయితే సంతకు బయలుదేరిన బళ్లన్నీ ఒకేసారి చేరవు. పెద్ద సందుల్లోని నీరు ముందు, చిన్న సందుల్లోనిది వెనుక వస్తుంది. నల్లరేగడి నెర్రెలు విచ్చినచోట ఈ లెక్క పనిచేయదు. తొలకరి నీరు నేరుగా అడుగుకు దిగవచ్చు.

కనుక రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఈనాటి నీరు బాగున్నంత మాత్రాన రేపటి నీరు బాగుంటుందని చెప్పలేము. కుప్పను ఇవాళ తీసివేసినా బావి వెంటనే బాగుపడదు.

మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలిబారే ప్రమాదం వుంది. నైట్రేటు మరీ ఎక్కువైతే పశువులకూ ముప్పే. నీటిని కాచినా నైట్రేటు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది.

అందుచేత పెంటకుప్పను బావికి దూరంగా, పల్లపు వైపున, గట్టి గచ్చుమీద వేయండి. వాన తడపకుండా పైన కప్పు వేయండి. మూత్రం గచ్చు చేసిన గుంటలోకి పోయేలా కాలువ తీయండి. వానాకాలానికి ముందూ వెనుకా బావి నీటిని పరీక్ష చేయించండి. నేలలోకి జారిపోయే ఆ నత్రజని మీ పశుగ్రాసం మడికి అందవలసిన ఎరువేనని మరచిపోవద్దని మనవి.